వంట అదే.. వడ్డన మారాలి!

మధుమేహం ఉందని తేలగానే చాలా ఇళ్లలో ముందుగా మారేది వంట. ఇంటిల్లిపాదికీ అన్నం, పప్పు, వేపుడు, చారు. షుగరొచ్చిన మనిషికి మాత్రం ఓ పక్కన ఎండు చపాతీలు, చప్పిడి కూర. మొదటి వారం పట్టుదలగానే గడుస్తుంది. నెల తిరిగేసరికి విసుగు పుడుతుంది. మూడో నెలకల్లా మళ్లీ పాత కంచం, పాత భోజనమే! నిజానికి మధుమేహులకు వేరే వంట అక్కర్లేదు. ఇంట్లో అందరూ తినేదే తినొచ్చు. మార్చుకోవాల్సిందల్లా ఏది ఎంత వడ్డించుకుంటున్నాం, ఏది ముందు తింటున్నాం, ఏ వేళకు తింటున్నాం అన్నదే.

రిపోర్టు వచ్చిన రోజు

మీ ఇంట్లోనూ ఇలాంటి రోజు వచ్చే ఉంటుంది. కంటి ఆపరేషన్ కోసమో, బీమా కోసమో, కాలి పుండు ఎంతకీ మానట్లేదనో రక్త పరీక్ష చేయిస్తారు. రిపోర్టు చేతికొచ్చాక గుండె జారిపోతుంది. పరగడుపున గ్లూకోజు 126 మి.గ్రా., అంతకన్నా ఎక్కువున్నా.. మూడు నెలల సగటును చెప్పే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం, అంతకన్నా ఎక్కువున్నా మధుమేహంగా భావిస్తారు. లక్షణాలేవీ లేకపోతే మరోసారి పరీక్షించి నిర్ధరిస్తారు. పరగడుపు గ్లూకోజు 100-125, హెచ్‌బీఏ1సీ 5.7-6.4 శాతం మధ్యలో ఉంటే మధుమేహానికి ముందు దశలో ఉన్నట్టు.

ఇంటికి చేరేలోపే సలహాలు మొదలవుతాయి. అన్నం ముట్టుకోవద్దని పక్కింటావిడ అంటారు. కొర్రలు తింటే మాత్రలే అక్కర్లేదని బావగారు చెబుతారు. ఫోన్‌కు ఏవేవో కషాయాల వీడియోలు వచ్చి పడతాయి. అన్నీ విని, కొన్నాళ్లు అన్నీ చేసి, చివరికి ఏదీ చేయలేక వదిలేసేవారే ఎక్కువ.

ఈ బాధ మీ ఒక్కరిదే కాదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆధ్వర్యంలో దేశమంతటా జరిగిన అధ్యయన ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దాని ప్రకారం మనదేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరో 13.6 కోట్ల మంది ముందు దశలో ఉన్నారు. అంటే ఏ వీధిలో చూసినా, ఏ కుటుంబంలో చూసినా ఎవరో ఒకరు దీంతో నెట్టుకొస్తున్నవారే.

అయినా భయపడాల్సింది రిపోర్టులోని అంకెను చూసి కాదు. దాన్ని అలా వదిలేస్తే ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా జరిగే నష్టాన్ని చూసి. కంటి రెటీనా, కిడ్నీలు, పాదాల్లోని నాడులు, గుండె రక్తనాళాలు.. ఇవన్నీ నొప్పి తెలియకుండానే దెబ్బతింటూ వస్తాయి. వీటిని కాపాడుకోవటానికి మందులు ఎంత అవసరమో రోజూ మూడు పూటలా కంచంలో పడేదీ అంతే ముఖ్యం.

చిక్కంతా ‘మారు’ దగ్గరే

ఒక్కసారి మన భోజనం తీరు గుర్తు చేసుకోండి. ముందు కూరతో కొంత అన్నం. తర్వాత పప్పు, నెయ్యితో మరికొంత. ఆపై పచ్చడి ముద్ద. చారు వచ్చేసరికి ‘మారు’ పెట్టించుకుంటాం. చివరికి పెరుగన్నం లేకపోతే భోజనం చేసినట్టే ఉండదు. అంటే ప్రతి వంటకమూ మరో గరిటె అన్నానికి దారి చూపేదే! కూర రుచి చూడటానికీ అన్నమే, చారు తాగటానికీ అన్నమే.

వండిన అన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాముల పిండి పదార్థం ఉంటుంది. 100 గ్రాములంటే ఓ చిన్న కప్పు. పైన చెప్పుకొన్న భోజనంలో ఒక్కో విడతకు ఒక కప్పు చొప్పున తిన్నా నాలుగు కప్పులు దాటుతుంది. పిండి పదార్థమే 110 గ్రాములకు పైమాట. ఇదంతా గ్లూకోజుగా మారి రక్తంలోకి చేరాల్సిందే. ఇన్సులిన్ సరిగా పని చేయని ఒంటికి ఇంత బరువు ఒక్కసారిగా ఎత్తితే ఏమవుతుంది? భోజనం చేశాక గ్లూకోజు అమాంతం పైకి లేస్తుంది. మధ్యాహ్నం కునికిపాట్లు పడుతుంటే ‘వయసు మీద పడింది’ అనుకుంటాం గానీ కంచం కేసి చూడం.

అలాగని అన్నం విషమేమీ కాదు. తరతరాలుగా తింటున్నదే. కాకపోతే పొలం పని చేసి, మైళ్లకొద్దీ నడిచినవారి కంచాన్నే.. కుర్చీలో కూర్చునే మనమూ కొనసాగిస్తున్నాం. పని తగ్గింది, మారు తగ్గలేదు.

అన్నమా? చపాతీయా?

‘అన్నం మానేశానండీ, రాత్రిపూట చపాతీలే’ అని చాలామంది గర్వంగా చెబుతారు. ఎన్ని అని అడిగితే నాలుగంటారు. కాస్త లెక్క వేద్దాం. ఒక్కో చపాతీకి 30 గ్రాముల పిండి అనుకుంటే నాలుగింటికి 120 గ్రాములు. ఇందులో పిండి పదార్థం దాదాపు 77 గ్రాములు. అంటే రెండున్నర కప్పులకు పైగా అన్నం తిన్నట్టే!

పచ్చి బియ్యం 100 గ్రాముల్లో సుమారు 78 గ్రాముల పిండి పదార్థం ఉంటుంది. గోధుమ పిండిలో ఇది 64 గ్రాములు, రాగుల్లో 67, జొన్నల్లో 68, సజ్జల్లో 62. చూశారా? తేడా ఉంది గానీ మరీ ఎక్కువేం కాదు. పీచు విషయంలో మాత్రం ఇవి మెరుగే. పాలిష్ బియ్యంలో పీచు 3 గ్రాముల లోపే. గోధుమ పిండి, రాగులు, జొన్నలు, సజ్జల్లో 10-11 గ్రాములుంటుంది. పీచు ఎక్కువుంటే జీర్ణం నెమ్మదిగా అవుతుంది. గ్లూకోజు మెల్లగా పెరుగుతుంది, కడుపూ నిండినట్టు ఉంటుంది. కాబట్టి జొన్నరొట్టె, రాగి సంకటి తినటం మంచిదే. తక్కువ తిన్నప్పుడే ఆ మంచి దక్కుతుంది.

ఐసీఎంఆర్ అధ్యయనంలో భాగంగా 2025లో వెలువడిన విశ్లేషణ కూడా ఇదే చెబుతోంది. మనవాళ్లు తీసుకునే కేలరీల్లో సుమారు 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తున్నాయి. పాలిష్ ధాన్యం బదులు గోధుమ పిండో, చిరుధాన్యాల పిండో వాడినా మొత్తం పిండి పదార్థాల మోతాదు తగ్గకపోతే మధుమేహం ముప్పు తగ్గటం లేదు. అదే పిండి పదార్థాల్లో కొంత భాగాన్ని పప్పులు, పాల పదార్థాల వంటి వాటితో లభించే ప్రొటీన్‌తో భర్తీ చేసుకుంటే ముప్పు తగ్గుతోంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలూ ధాన్యాల నుంచి వచ్చే కేలరీలు 45 శాతానికి మించొద్దనే సూచించాయి.

‘షుగర్ ఫ్రీ బియ్యం’ అంటూ దుకాణాల్లో అమ్మే రకాల సంగతీ ఇంతే. రాజేంద్రనగర్‌లో రూపొందిన తెలంగాణ సోనా వంటి రకాలకు గ్లూకోజును కాస్త నెమ్మదిగా పెంచుతాయన్న పేరుంది. అయితే పిండి పదార్థం లేని బియ్యమంటూ ఏదీ లేదు. నెమ్మదిగా పెంచే బియ్యాన్నైనా నాలుగు కప్పులు తింటే ఫలితం పెద్దగా మారదు.

కంచం ఇలా సర్దుకోండి

మరి ఎంత తినాలి? ఎలా తినాలి? దీనికి తూకాలు, కొలతలు పెట్టుకొని తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. కంచాన్ని మనసులోనే నాలుగు భాగాలు చేయండి. సగం కూరలు, ఆకుకూరలు, పచ్చి ముక్కలు. పావు భాగం పప్పు, శనగలు, గుడ్డు, చేప, చికెన్, పనీర్ వంటి ప్రొటీన్. మిగిలిన పావు భాగంలోనే అన్నమైనా, రొట్టె అయినా. కందగడ్డ, చామదుంప, బంగాళాదుంప కూరలు అన్నం వాటాలోకే వస్తాయని గుర్తుంచుకోండి. ఆలూ వేపుడును ‘కూరగాయ’ లెక్కలో వేస్తే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే.

- అన్నం ఒకేసారి: మీకు సరిపోయే అన్నాన్ని, ఉదాహరణకు ఒకటిన్నర కప్పు, మొదట్లోనే కంచంలో పెట్టుకోండి. గిన్నె మూత పెట్టి లోపల పెట్టేయండి. కూరకు, పప్పుకు, పెరుగుకు అదే అన్నాన్ని పంచుకోవాలి. ‘మారు’ మాట కూర విషయంలోనే! మీ వయసు, బరువు, చేసే పనిని బట్టి ఎంత అన్నం సరిపోతుందో డాక్టరునో, పోషకాహార నిపుణులనో అడిగి ఖరారు చేసుకోండి.

- కూర ముందు: కలుపుకోవటానికి ముందే చిన్న గిన్నెడు కూర, కొన్ని కీరదోస ముక్కలు ఉత్తగానే తినండి. ఆపై పప్పు. అన్నం చివర్లో. న్యూయార్క్‌లోని వీల్ కార్నెల్ వైద్య పరిశోధకులు 2015లో కొద్దిమంది మధుమేహుల మీద దీన్ని పరీక్షించి చూశారు. అదే భోజనం, అవే పదార్థాలు. కూరగాయలు, మాంసం ముందు తిని పిండి పదార్థాలను చివర్లో తిన్నప్పుడు గంట తర్వాతి గ్లూకోజు మూడో వంతుకు పైగా తక్కువగా నమోదైంది.

- చారు గ్లాసులో: చారు, మజ్జిగను అన్నంలో కాకుండా గ్లాసులో పోసుకొని తాగండి. రుచి ఎక్కడికీ పోదు. రెండు కప్పుల అన్నం మాత్రం తగ్గిపోతుంది. చారులో చింతపండు, మిరియాలు, జీలకర్ర.. దేనికీ లోటు చేయనక్కర్లేదు.

- ఉప్పు, నూనె సగం: ఇక్కడో మెలిక ఉంది. మన కూరలన్నీ అన్నంలో కలుపుకోవటానికని ఉప్పు, కారం, నూనె దట్టించి చేసేవే. వాటిని గిన్నెలకొద్దీ తింటే గ్లూకోజు తగ్గొచ్చేమో గానీ రక్తపోటు పెరుగుతుంది. కాబట్టి కూర ఎక్కువ తినాలంటే ఉప్పు, నూనె తగ్గించి వండాలి. రోజుకు మొత్తం ఉప్పు 5 గ్రాములు మించొద్దు. అంటే ఓ చిన్న చెంచాడు. అప్పడాలు, ఊరమిరపకాయలు, ఊరగాయలు ఈ లెక్కను ఇట్టే దాటించేస్తాయి.

ఇంట్లో షుగర్ లేనివారికీ ఈ కంచం మంచిదే. తల్లికో, తండ్రికో మధుమేహం ఉంటే పిల్లలకూ ముప్పు ఎక్కువ. పిల్లలు మన మాటలు వినకపోవచ్చు గానీ కంచం చూసి నేర్చుకుంటారు.

పొద్దుటి కాఫీ నుంచి రాత్రి దాకా

కాఫీ, టీ: ఒక చెంచా చక్కెర అంటే 4-5 గ్రాములు. రెండు చెంచాల చొప్పున నాలుగు కప్పులు తాగితే 40 గ్రాములు దాకా నేరుగా రక్తంలోకి వెళ్తాయి. ఒక్కసారిగా మానేయలేకపోతే వారానికో అర చెంచా తగ్గిస్తూ రండి. నాలుక నెల రోజుల్లో అలవాటు పడుతుంది. బెల్లం, తేనె వేసుకుంటే ఫర్వాలేదన్నది పొరపాటు. అవీ చక్కెరలే.

టిఫిన్: ఇడ్లీలు ఐదారు కాకుండా రెండు మూడు పెట్టుకొని, ముక్కలు దండిగా వేసిన సాంబారు గిన్నెడు తీసుకోండి. కొబ్బరి పచ్చడికన్నా పల్లీలు, పుట్నాలు కలిసిన పచ్చడి నయం, అదీ మితంగా. పొట్టు పెసలతో వేసిన పెసరట్టు మనకు దక్కిన వరం. అందులో ప్రొటీన్, పీచు రెండూ ఉంటాయి. దాని కడుపులో ఉప్మా కూరి తింటే మాత్రం ఆ లాభం కాస్తా పోతుంది. ఉప్మా చేసుకుంటే రవ్వ ఎంతో క్యారట్, బీన్స్, బఠాణీ అంత పడాలి. రాగి జావ ఆరోగ్యమని పెద్ద గ్లాసుల్లో తాగేవారు ఒక సంగతి గమనించాలి. మెత్తటి పిండిని పలుచగా కాస్తే త్వరగా జీర్ణమై గ్లూకోజు తొందరగా పెరుగుతుంది. జావ కన్నా నమలాల్సిన రొట్టె మేలు. జావే కావాలంటే చిన్న గ్లాసుడు, మజ్జిగ కలుపుకొని.

సాయంత్రం: నాలుగింటికి ఆకలి వేయటం సహజం. అప్పుడు ఇంట్లో ఏముంటే అదే తింటాం. కాబట్టి ఏముండాలో ముందే చూసుకోండి. ఉడికించిన శనగ గుగ్గిళ్లు, అలసందలు, గుప్పెడు వేయించిన పల్లీలు, జామకాయ, పలుచటి మజ్జిగ. వీటిలో ఏదో ఒకటి చాలు. ‘షుగర్ ఫ్రీ’ అని రాసిన బిస్కెట్లలో చక్కెర లేకపోవచ్చు, మైదా మాత్రం ఉంటుంది. పొట్లం వెనకవైపు కూడా తిప్పి చూడండి.

రాత్రి: పదింటికి టీవీ ముందు భోజనం, పదిన్నరకు పడక. చాలా ఇళ్లలో ఇదే తంతు. వీలైతే ఎనిమిదిలోపు తినేయండి. తిన్న వెంటనే కూర్చోకుండా పది నిమిషాలు వీధిలోనో, మేడ మీదో నడవండి. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు మధుమేహుల మీద చేసిన అధ్యయనం ఫలితాలు 2016లో వచ్చాయి. రోజులో ఎప్పుడో ఒకసారి అరగంట నడిచినప్పటికన్నా మూడు పూటలా భోజనం తర్వాత 10 నిమిషాల చొప్పున నడిచినప్పుడు తిన్నాక పెరిగే గ్లూకోజు సగటున 12 శాతం తక్కువగా ఉంది. రాత్రి భోజనం తర్వాతైతే 22 శాతం తక్కువ. ఖర్చు లేని మందంటే ఇదే కదా!

మామిడి పండు మానేయాలా?

వేసవిలో ప్రతి మధుమేహీ అడిగే ప్రశ్న ఇది. మామిడి ముక్కలు 100 గ్రాముల్లో సుమారు 15 గ్రాముల పిండి పదార్థం, అదీ చాలావరకు చక్కెరే, ఉంటుంది. ఓ మాదిరి బంగినపల్లి పండులో తినే గుజ్జు 200 గ్రాములుంటే 30 గ్రాములు. అంటే పండు తిన్నా, కప్పు అన్నం తిన్నా దాదాపు ఒకటే. అసలు చిక్కు పెరుగన్నంలో నంజుకోవటంతో వస్తుంది. అప్పటికే కడుపులో ఉన్న అన్నానికి ఇది తోడవుతుంది. తినాలనిపిస్తే సగం పండు, సాయంత్రం చిరుతిండి బదులుగా తినండి. గ్లూకోజు అదుపులో ఉన్నప్పుడు వారానికి ఒకటి రెండు సార్లు ఇలా తింటే కొంప మునగదు. రసం తీయొద్దు. ఏ పండైనా నమిలి తింటేనే పీచు దక్కుతుంది. రోజువారీగా జామ, బొప్పాయి, నారింజ, సీజన్లో నేరేడు వంటివి ఒక చిన్న కప్పుడు తినొచ్చు.

పండగలదీ ఇదే లెక్క. ఉగాది కంచంలో పులిహోర, బొబ్బట్టు, పరమాన్నం మూడూ పిండి పదార్థాలే. మూడూ తింటామంటే కుదరదు. బొబ్బట్టు ఇష్టమైతే ఒకటి తిని, ఆ పూట పులిహోర రెండు చెంచాలకు పరిమితమవ్వండి. తీపిని ఖాళీ కడుపుతో కాకుండా భోజనం చివర్లో తినండి. ‘ఈ ఒక్కరోజే కదా’ అని రెండు మాత్రలు వేసుకునేవారూ ఉన్నారు. అలా ఎప్పుడూ చేయొద్దు.

ఇంటి ఇల్లాలికే షుగర్ ఉంటే?

ఇంటాయనకు మధుమేహం వస్తే ఇల్లంతా కదులుతుంది. ఇల్లాలికి వస్తే? ఆమె అందరికీ వడ్డించి చివర్లో తింటుంది. అప్పటికి కూర గిన్నె అడుగంటి ఉంటుంది. పప్పు రెండు గరిటెలు మిగిలితే గొప్ప. ఉండేది అన్నం, పచ్చడి, చారు. పిల్లలు వదిలేసిన ముద్దలు పారేయటానికి చేతులు రావు. పొద్దున టిఫిన్ తినే తీరిక ఉండదు. మాత్ర మాత్రం వేసుకుంటుంది. మధ్యాహ్నం మూడింటికి ఆకలితో కూర్చొని అన్నమే కడుపు నిండా తింటుంది. ‘ఏమీ తినను డాక్టరుగారూ, షుగర్ ఎందుకు తగ్గట్లేదో’ అని ఆమె అంటే అది నిజమే. తినాల్సినవేవీ ఆమె కంచంలోకి రావటం లేదు.

దీనికి మందు వంటింట్లో లేదు, భోజనాల బల్ల దగ్గరుంది. ఆమె వాటా కూర, పప్పు ముందే ఓ గిన్నెలో తీసి పక్కన పెట్టండి. వీలైన పూట అందరూ కలిసి కూర్చోండి. మిగిలిన అన్నం ఎవరి కడుపులోకీ తోయకుండా ఫ్రిజ్‌లో పెట్టండి. అసలు మిగలకుండా ఉండాలంటే కుక్కర్‌లో పోసే బియ్యం ఒక గ్లాసు తగ్గించండి. ఆ మిగిలిన డబ్బుకు ఇంకొంచెం కలిపి తోటకూరో, గోరుచిక్కుడో, బీరకాయలో ఎక్కువ కొనండి. ఖరీదైన ఓట్స్, ఆలివ్ నూనెల అవసరం లేకుండానే నెలవారీ సరుకుల ఖర్చులోనే ఇది సాధ్యం.

మాత్రలు వేసుకునేవారికి ఒక హెచ్చరిక

ఇదంతా చదివి రేపటి నుంచే అన్నం సగానికి సగం తగ్గించాలనుకుంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి. మీరు వాడే మందు ఏమిటో ముందు చూసుకోండి. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, గ్లైక్లజైడ్ వంటివి వాడేవారు ఆహారం బాగా తగ్గించినా, పూట మానేసినా గ్లూకోజు మరీ పడిపోవచ్చు. ముందుగా డాక్టరుకు చెప్పి మోతాదు సరిచేసుకోవాలి. ఒక్క మెట్‌ఫార్మిన్ మాత్రమే వాడేవారికి ఈ ప్రమాదం చాలా తక్కువ. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మందులు వాడేవారు పిండి పదార్థాలు పూర్తిగా మానేసినా, కఠిన ఉపవాసాలు చేసినా రక్తంలో ఆమ్లాలు పెరిగిపోయే ప్రమాదముంది. ఏకాదశి, శివరాత్రి, రంజాన్.. ఏ ఉపవాసమైనా ముందే డాక్టరుతో మాట్లాడాలి. కిడ్నీ జబ్బు ఉన్నవారు ప్రొటీన్, పండ్లు, ఆకుకూరలు ఎంత తీసుకోవాలో విడిగా అడిగి తెలుసుకోవాలి.

చెమటలు, వణుకు, గుండె దడ, విపరీతమైన ఆకలి, తికమక.. ఇవి గ్లూకోజు పడిపోతోందనటానికి గుర్తులు. 70 కన్నా తగ్గితే వెంటనే మూడు చెంచాల గ్లూకోజు పొడి గానీ చక్కెర గానీ నీళ్లలో కలిపి తాగాలి. 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించాలి. ఇంకా తక్కువే ఉంటే మరోసారి తాగాలి. కుదుటపడ్డాక ఏదైనా తినాలి. వోగ్లిబోజ్, అకార్బోజ్ మాత్రలు వాడేవారికి చక్కెర త్వరగా పని చేయదు, గ్లూకోజు పొడే కావాలి. ఇంట్లో ఒక డబ్బా, సంచిలో ఓ పొట్లం ఎప్పుడూ ఉంచండి. మనిషి స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయొద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

కాకరకాయ రసం, మెంతులు మొదలుపెట్టి మాత్రలు ఆపేసేవారిదీ పెద్ద తప్పే. కాకరకాయ కూర మంచిదే, మెంతుల్లో పీచు ఉన్నదీ నిజమే. వాటిని ఆహారంగా తినండి, మందుకు బదులుగా కాదు. బరువు తగ్గి, గ్లూకోజు అదుపులోకి వచ్చాక మందులు తగ్గించటం చాలామందిలో సాధ్యమే. ఆ నిర్ణయం డాక్టరుది.

మీ ఒంటికి మీరే పరీక్ష పెట్టండి

ఒకే భోజనం ఇద్దరిలో ఒకేలా గ్లూకోజును పెంచదు. కాబట్టి ఎవరో చెప్పింది నమ్మేకన్నా మీ గ్లూకోమీటరును అడగండి. ఒకరోజు మధ్యాహ్నం ఎప్పటిలాగే భోజనం చేయండి. తినబోయే ముందు ఒకసారి, మొదటి ముద్ద పెట్టుకున్న రెండు గంటలకు ఒకసారి పరీక్షించి రాసుకోండి. మర్నాడు అదే కూర, అదే పప్పు. ఈసారి అన్నం ఒకటిన్నర కప్పు, కూర ముందు, చారు గ్లాసులో, తిన్నాక పది నిమిషాల నడక. మళ్లీ పరీక్షించండి. రెండు రోజుల అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే మీకే తెలిసిపోతుంది. చాలామందికి భోజనం ముందు 80-130, తిన్న రెండు గంటలకు 180 లోపు, హెచ్‌బీఏ1సీ 7 శాతం లోపు ఉండాలన్నది లక్ష్యం. పెద్ద వయసువారికి, ఇతర జబ్బులున్నవారికి డాక్టరు ఇందులో కాస్త వెసులుబాటు ఇస్తారు.

ఈ పరీక్ష టిఫిన్‌తో చేయండి, జొన్నరొట్టెతో చేయండి, చపాతీతో చేయండి. నెల తిరిగేసరికి మీ ఒంటికి ఏది పడుతుందో, ఏది ఎంతవరకు పడుతుందో చెప్పే చిట్టా మీ చేతిలో ఉంటుంది. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ పుస్తకం తీసుకెళ్లండి. మందులు సరిచేయటానికి అది ఆయనకూ ఎంతో ఉపయోగపడుతుంది.

రేపు మధ్యాహ్నం ఇంట్లో ఏం వండుతారు? బీరకాయ పప్పో, గోంగూరో, చేపల పులుసో.. ఏదైనా వండండి. అందరూ ఒకే చోట కూర్చోండి. ముందు కూర గిన్నె మీ వైపు జరపమనండి. అన్నం గిన్నె మూత మాత్రం ఒక్కసారే తీయండి.